గోడ మీద విండో, బల్ల మీద విండో

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, ఒకే ఫైలును రెండు విండోల్లో తెరవడం, అవి రెండు ఫైళ్ళు కావని జనానికి చెప్పడం అంటాను. రికార్డుల్లో మాత్రం సీనియర్ అసిస్టెంట్‌ని. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టర్ల గొడవ ఇక్కడ రాయను. అవి ఎవరివి వాళ్ళకే ముద్దు. ఏజెన్సీ ఆఫీసుల్లో కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చోబోయే పిల్లల కోసం, ఆ కుర్చీలో కూర్చుంటే నిజంగా ఏం జరుగుతుందో చెబుతాను.

మాది సాలూరు. మా నాన్న మిషన్ బడిలో టీచరు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. నన్నూ టీచర్ని చేద్దామనుకున్నాడు గానీ నాకు పిల్లలంటే అంత ఓపిక లేదు. ఆఫీసులో చేరి, పెద్దవాళ్ళకి కంప్యూటర్ నేర్పాల్సి వచ్చాక, పిల్లలే నయమని తెలిసింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మా ఆఫీసు అరకు వైపు కొండల్లో ఉండేది. ఏ బడిలో ఎంతమంది పిల్లలున్నారు, ఏ మాస్టారు ఎక్కడ పనిచేస్తున్నాడు, ఏ హాస్టల్‌కి ఏం పంపాలి, ఇదంతా మా పని. ఇదంతా ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉండేది. సీలేరులో పుట్టిన కరెంటు మమ్మల్ని పక్కన పెట్టి తిన్నగా మైదానానికి దిగిపోయేది కాబట్టి, కరెంటు ఉన్నప్పుడే పని బేగి తెమల్చుకోవాలి. కంగారుకి మూలం అదే. తప్పులకి మూలం మాత్రం విండోలు.

రెండూ ఒకటే

ముందు సంగతి తేటగా చెబుతాను. మీ ఫైలు చాలా పొడుగ్గా ఉందనుకోండి. పైన బడుల పేర్లుంటాయి, ఎక్కడో అడుగున మాస్టార్ల పేర్లుంటాయి. పైకీ కిందికీ తిరగలేక వేళ్ళు నొప్పెడతాయి. అప్పుడు వ్యూ అనే చోట న్యూ విండో నొక్కితే అదే ఫైలు ఇంకో విండోలో కూడా తెరుచుకుంటుంది. ఒకదాంట్లో బడులు, ఇంకోదాంట్లో మాస్టార్లు పెట్టుకుని హాయిగా పని చేసుకోవచ్చు. ఇక్కడ కొట్టింది అక్కడా కనబడుతుంది, ఇక్కడ చెరిపింది అక్కడా పోతుంది. ఎందుకంటే ఉన్నది ఒక్కటే ఫైలు.

ఇంతవరకు బానే ఉంది. కానీ ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళు ఊరుకోకుండా, ఫైలు పేరు పక్కన ఒకదానికి ఒకటి, రెండోదానికి రెండు అని అంకె పెట్టారు. ఆ అంకె చూసిన ప్రతి పెద్దమనిషికీ ఒకటో నంబరు అసలు, రెండో నంబరు నకలు అనిపిస్తుంది. నా సర్వీసంతా ఆ అంకెతోనే పోట్లాట.

నా మొదటి సూపరింటెండెంట్ చలపతిగారు దేవుడిలాంటి మనిషి. శుభ్రం ఎక్కువ. నేను అటు టీకి వెళ్ళి వచ్చేసరికి ఆయన నా కుర్చీలో కూర్చుని రెండో విండోలో బడులన్నీ తుడిచేస్తున్నాడు. "ఏం చేస్తున్నారండీ" అన్నాను. "ఈ కాపీ ఎందుకమ్మా అడ్డంగా, శుభ్రం చేస్తున్నాను" అన్నాడు. మొదటి విండో చూపించాను. అక్కడ కూడా మన్యం మన్యమంతా ఖాళీగా ఉంది. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. నేను కంట్రోల్ నొక్కిపట్టి జెడ్ కొడుతూ ఉంటే ఒక్కో బడీ తిరిగి వచ్చింది. ఆయన కళ్ళార్పకుండా చూసి, "ఈ వెనక్కి లాగేది అన్ని కంప్యూటర్లకీ ఉంటుందా, నీదానికేనా" అని అడిగాడు. నాదానికే అని చెప్పాను. ఆ తర్వాత ఆయన నన్ను ఎప్పుడూ కసురుకోలేదు.

నిక్కర్ల సంగతి

రెండు విండోలు ఒకటే అన్నాను కదా, ఒక్క విషయంలో కావు. పై వరసలో శీర్షికలు కదలకుండా బిగిస్తాం చూడండి, బాలురు, బాలికలు, చొక్కాలు, గౌన్లు అని, ఆ బిగింపు ఏ విండోకి ఆ విండోదే. కొత్త విండో తెరిస్తే అందులో మళ్ళీ బిగించుకోవాలి. ఇది ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

మా గుమాస్తా శ్రీనివాసు ఇది తెలియక రెండో విండోలో కిందికి జరుపుకుంటూ పోయాడు. శీర్షికలు పైకి పోయాయి. బాలుర గడి ఏదో బాలికల గడి ఏదో గుర్తున్నట్టే ఉంది అనుకుని యూనిఫాం జాబితా తయారుచేశాడు. తర్వాతి వారం బాలికల హాస్టల్ వార్డెన్ మణెమ్మ దగ్గర్నించి ఫోన్.

"ఏటమ్మా సుగుణమ్మా, మా గుంటలకి నిక్కర్లు పంపినారు?"

"పొరపాటైందమ్మా. తిప్పి పంపించెయ్యి, మారుస్తాం."

"తిప్పి పంపడం నా వల్ల కాదు. అప్పుడే తొడిగీసుకుని కబడ్డీ ఆడతన్నారు. గౌన్లు కూడా పంపించీ. ఇయ్యి మాత్రం తిరిగి ఇయ్యం అంటన్నారు."

అవతల మగపిల్లల హాస్టల్‌కి వెళ్ళిన గౌన్లను ఒక్క గుంటడూ ముట్టుకోలేదు. వాటిని వెనక్కి తెప్పించడం తేలికైంది. ఆ ఏడాది ఆటల పోటీల్లో మణెమ్మ గుంటలు కబడ్డీ కప్పు పట్టుకొచ్చారు. శ్రీనివాసు ఆ కప్పులో తన వాటా ఉందని ఇప్పటికీ అంటాడు. మీరు మాత్రం విండో తెరవగానే శీర్షికలు బిగించుకోండి.

రఫ్ సారు

ఇక అసలు కథ. రంపచోడవరం నుంచి ఒక ఆఫీసరు మాకు బదిలీ మీద వచ్చాడు. పేరు చెప్పను, మేం పెట్టుకున్న పేరే రాస్తాను. రఫ్ సారు. ఏ పనైనా ముందు రఫ్‌లో చేసి చూద్దామనేవాడు. సెలవు చీటీ రఫ్, టూర్ ప్రోగ్రాం రఫ్. టిఫిన్ తెప్పించేటప్పుడు కూడా "రఫ్‌గా ఇడ్లీ అనుకుందాం" అనేవాడు. ఏదీ తేల్చి చెప్పే మనిషి కాదు. పైనుంచి ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు. ఇలాంటి ఆఫీసరు కింద పని చేయడం కన్నా కోపిష్టి కింద చేయడం సుఖం అని నా అభిప్రాయం. ఆయన వచ్చిన నెలలోనే ఈ అభిప్రాయం ఏర్పరుచుకుని, ఎవరడిగినా చెప్పేదాన్ని.

ఆ వేసవిలో మాస్టార్ల సర్దుబాటు పెట్టారు. ఎక్కువున్న చోటు నుంచి తీసి, లేని చోటికి వేయడం అన్నమాట. చివరికి ఒక్క మాస్టారు మిగిలాడు. బడులు రెండు మిగిలాయి. ఒకటి అరకు రోడ్డు పక్కనే ఉన్న బడి. అక్కడ అప్పటికే ఇద్దరు మాస్టార్లున్నారు. కానీ అరకు చూడటానికి వచ్చే పెద్దలు కారు ఆపి పిల్లలతో ఫొటోలు దిగే బడి అది కాబట్టి, ముగ్గురుంటే నిండుగా ఉంటుందని పైవాళ్ళ కోరిక. రెండోది నేరేడుగరువు. కొండ మీద చిన్న ఊరు. ఉన్న మాస్టారు రిటైరైపోయాడు. ఈసారి ఎవర్నీ వేయకపోతే బడి ఎత్తేసి, పిల్లల్ని గెడ్డ అవతలి, అంటే కొండవాగు అవతలి, ఊరి బడిలో కలిపేస్తారు.

సర్దుబాటు రోజు నేరేడుగరువు ఊరంతా కిందికి దిగి వచ్చింది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంకలో పిల్లలతో సహా హాల్లో నేల మీద కూర్చున్నారు. వాళ్ళ పద్ధతి అది. పెళ్ళైనా తగువైనా ఊరంతా కూర్చుంటేనే మాట. అందరి ముందూ అయిన మాట ఇక మారదు. మాటయ్యాక అందరూ లేస్తారు, లేచాక మళ్ళీ అదే మాటకి కూర్చోరు.

చిన్నమ్మి అనే ఆవిడ నా బల్ల పక్కకి జరిగి మెల్లగా అడిగింది. "వానొత్తే గెడ్డ పొంగిపోతాది. ఆరేల్ల గుంటలు ఎలాగ దాటతారమ్మా? పోయినేడు మా మేక కొట్టుకుపోనాది. మేకే ఆగలేకపోనాది."

నా చేతిలో ఏముంది, కీబోర్డు తప్ప.

మిగిలిన ఆ మాస్టారు తాతబాబు. చోడవరం మనిషి. మంచివాడే, కానీ కొత్త స్కూటర్ కొన్నాడు. నేరేడుగరువుకి స్కూటర్ పోయే దారి లేదు. అందుకని గోడవారగా నిలబడి రోడ్డు బడి కోసం యేసుప్రభువుకీ, సింహాద్రి అప్పన్నకీ కూడా దణ్ణాలు పెట్టుకుంటున్నాడు.

పచ్చరంగు

ఉదయం హాలు నిండకముందే నేను ప్రొజెక్టర్ పెట్టాను. ఫైలు రెండు విండోల్లో తెరిచాను. ఒకటో నంబరు గోడ మీద జనానికి, రెండో నంబరు బల్ల మీద ల్యాప్‌టాప్‌లో సారుకి. సారు కిందా మీదా జరుపుకుని చూసుకున్నా, గోడ మీది జాబితా కదలకుండా నిలబడుతుంది. మాస్టారు లేని బడి వరస ఎర్రగా, పేరు పడగానే పచ్చగా మారేలా రంగులు పెట్టాను.

"అయితే నా ముందున్నది రఫ్ అన్నమాట" అన్నాడు సారు.

"కాదండి. రెండూ ఒకటే. ఇక్కడ కొడితే గోడ మీద పడుతుంది."

"ఊఁ" అన్నాడు. కాఫీ తాగాడు. "ఈ రెండోది కట్టేస్తే రఫ్ పోతుంది కదా" అన్నాడు.

"పోదండి. రెండు తెరిచి ఉన్నప్పుడు ఒకటి కట్టేస్తే సేవ్ చేయాలా అని కూడా అడగదు. మీరు కొట్టింది ఉండిపోతుంది."

"అలాగా" అన్నాడు. మూడోసారీ చెప్పాను. "సరేలెండి, నాకిది రఫ్పే" అన్నాడు. నేను నుదురు కొట్టుకుంటూ పక్కకి వెళ్ళాను.

తర్వాత ఆయన లేచి జనానికి రంగుల గురించి చెప్పాడు. అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. "ఎర్రగా ఉంటే మీ ఊరికి మాస్టారు లేనట్టు. పచ్చగా మారిందా, మాస్టారు వచ్చినట్టు. గోడ చూస్తూ ఉండండి." ముసలివాళ్ళకి మళ్ళీ విడిగా చెప్పించాడు. ఈ మనిషి తేల్చి చెప్పిన మొట్టమొదటి విషయం రంగులే అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఆ ఒక్క మాస్టారు దగ్గర పని ఆగింది. పైనుంచి ఫోన్ వచ్చింది. సారు లేచి నిలబడ్డాడు. "రోడ్డు బడికే సార్. అలాగే సార్." ఫోన్ పెట్టి కూర్చున్నాడు. నేల మీది జనం ఆయన వంక చూస్తున్నారు. ఆయన గోడకి వీపు పెట్టి, నాతో, "ఊరికే రఫ్‌లో ఒకసారి అటు వేసి చూద్దాం, ఎలా ఉంటుందో" అంటూ తాతబాబు పేరు నేరేడుగరువు పక్కన కొట్టాడు.

గోడ మీద ఆ వరస పచ్చబడింది.

"లాభం లేదు, రోడ్డు బడికే వేయాలి" అని, ఆయన బల్ల మీది విండో కట్టేశాడు. విండో ఏమీ అడగలేదు. రఫ్ పోయిందని నిమ్మళంగా వెనక్కి వాలాడు. గోడ మీద పచ్చరంగు అలాగే ఉంది.

నేరేడుగరువు ఊరిపెద్ద సోమన్న లేచాడు. ఊరంతా లేచింది. బట్టలు దులుపుకున్నారు. సోమన్న వచ్చి సారుకి దణ్ణం పెట్టాడు. "ఎల్లొత్తాం బాబూ."

"అప్పుడే? ఇంకా అవలేదుగా" అన్నాడు సారు.

"అయిపోనాది బాబూ. పచ్చగైపోనాది."

"సార్, గోడ చూడండి" అన్నాను నేను. ఆయన తిరిగి చూసి, నోరు తెరిచి, నన్ను చూశాడు. మళ్ళీ గోడని చూశాడు.

"అది రఫ్ అయ్యా. ఊరికే వేసి చూశాను."

సోమన్న కోపం తెచ్చుకోలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "అందరూ కూకున్న కాడ ఊరికే ఏటీ సెయ్యరు బాబూ. పచ్చగైతే వొచ్చినట్టని తవరే సెప్పినారు. మేమందరం సూసినాం. పిల్లనిత్తానని పదిమందిలో సెప్పీసి, తెల్లారి ఊరికే అన్నానంటే ఎవులూరుకుంటారు?"

ఈలోగా చిన్నమ్మి వెళ్ళి తాతబాబు సంచీ, గొడుగు తీసుకుని నెత్తిన పెట్టుకుంది. "అమ్మా, నా సంచీ" అంటూ తాతబాబు ఆవిడ వెనక పడ్డాడు. ఆవిడ ఆగలేదు. ఆవిడ వెనక ఊరు, ఊరి మధ్యలో తాతబాబు. హాలు ఖాళీ అయిపోయింది.

సారు ఫోన్ తీసి, లేచి నిలబడ్డాడు. "కంప్యూటర్ పొరపాటు సార్. రెండు విండోలు సార్. నాకు తెలీదు సార్. జనం చూసేశారు సార్. ఇప్పుడు మారిస్తే ఊరంతా వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటుంది సార్." అవతల తిట్లు నాకూ వినబడ్డాయి. ఆయన అన్నీ నిలబడే విన్నాడు. చివరికి అవతలివాళ్ళే విసుగెత్తి, ఏడిసినట్టుంది, అలాగే ఉంచండి అన్నారు.

సారు కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "ప్రింట్ తీయండి సుగుణమ్మగారూ, ఇంకేం చేస్తాం" అన్నాడు. నేరేడుగరువు కాగితమే అన్నిటికన్నా ముందు తీశాను.

స్కూటర్

తాతబాబు మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు ఊరివాళ్ళు కిందికి వచ్చి, జబ్బు మనుషుల్ని మోసే డోలీ కట్టి, అందులో స్కూటర్ని కూర్చోబెట్టి కొండెక్కించారు. పైన అది ఎక్కడికీ పోదు. పోవడానికి దారి లేదు. బడి ముందు చూరు కింద పెట్టి, తాతబాబు రోజూ పొద్దున్న దాన్ని స్టార్ట్ చేసి హారన్ కొడతాడు. అదే బడి గంట. కొండ మీద ఎక్కడున్నా వినబడుతుందట.

మొదటి వానలకి గెడ్డ పొంగింది. సారు తన గదిలోంచి బయటికి వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. "నేరేడుగరువుకి ఒకసారి ఫోన్ చేయండి. పిల్లలు ఎటున్నారో."

చేశాను. హారన్ మోత మధ్యలోంచి తాతబాబు గొంతు వినబడింది. "బడిలోనే ఉన్నారండి. ఎవరూ గెడ్డ దాటలేదు." సారుకి చెప్పాను. ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు చిన్నమ్మి మేక గుర్తొచ్చింది.

బదిలీ రోజు

ఆ తర్వాత నేను ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో. కొత్తగా ఎవరు చేరినా క్యాంటీన్‌లో కూర్చోబెట్టి చెప్పేదాన్ని. సారు గోడ వంక తిరిగి నోరు తెరవడం నటించి చూపించేదాన్ని. మూడుసార్లు చెప్పినా తలకెక్కని మనిషిని చూడాలంటే మా ఆఫీసుకి రండి అనేదాన్ని. శ్రీనివాసుకి నవ్వి నవ్వి టీ ముక్కులోకి పోయేది.

రెండేళ్ళకి సారుకి బదిలీ అయింది. దండ వేశాం, శాలువా కప్పాం. అందరూ వెళ్ళాక ఆయన నా దగ్గరికి వచ్చి, ఆ దండతోనే పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ రెండు విండోలు ఒకసారి తెరవండి" అన్నాడు.

తెరిచాను. ఒకదాంట్లో నేరేడుగరువు వరస వెతికి, తాతబాబు పేరు చూసుకున్నాడు. రెండోదాంట్లోనూ చూసుకున్నాడు. నాకు జాలేసింది. పోయేముందైనా నేర్చుకోవాలని వచ్చాడు పాపం అనుకుని, చంటిపిల్లలకి చెప్పే గొంతుతో అన్నాను. "చూశారా సార్, రెండూ ఒకటే. ఇక్కడ కొడితే అక్కడా పడుతుంది."

"తెలుసండీ" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది సార్?"

"మీరు మొదటిసారి చెప్పినప్పుడే. బాగా చెప్పారు కూడా."

ఆయన దండ తీసి బల్ల మీద పెట్టాడు. రెండో విండో కట్టేశాడు. అది ఎప్పట్లాగే ఏమీ అడగకుండా మూసుకుంది.

"ఇది సేవ్ చేయాలా అని అడగదని చెప్పారు చూడండి, ఆ ఒక్క మాట పట్టుకుని చేశానండీ. అడిగి ఉంటే నాకు ధైర్యం చాలేది కాదు" అని, బస్సుకి టైమైందని లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో ఈ కథ చెప్పడం మానేశాను. శ్రీనివాసు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. చివరి దాకా చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.